కల్లు సీసాలో కొత్త మత్తు

2025 జూలైలో కూకట్‌పల్లి చుట్టుపక్కల కల్లు తాగినవాళ్ళు వరసగా ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు చనిపోయారు. చాలామందిని నిమ్స్‌కి తరలించారు, కొందరికి డయాలసిస్ పెట్టాల్సి వచ్చింది. దుకాణాల నుంచి తీసిన నమూనాల్లో అల్ప్రజోలాం ఉందని ఎక్సైజ్ వాళ్ళు ప్రకటించారు. అరెస్టులు జరిగాయి, లైసెన్సులు రద్దయ్యాయి. ఒక మందు పేరు బయటికి రాగానే అందరికీ జవాబు దొరికినట్టే అనిపించింది. చర్చ ఆగిపోయింది.

కానీ ఆ జవాబు రోగుల లక్షణాలకు అతకదు. పత్రికలు రాసినవి వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం. అల్ప్రజోలాం ఆందోళన తగ్గించే మాత్ర. మోతాదు మించితే మగత, తూలడం, మాట ముద్దగా రావడం, స్పృహ తప్పడం, మద్యం కూడా తోడైతే ఊపిరి మందగించడం దాని లక్షణాలు. విరేచనాలు పట్టించడం దాని పని కాదు. స్పృహ లేకుండా ఒకే పక్కకి గంటల తరబడి పడివుంటే కండరాలు నలిగి, అందులోంచి వచ్చే పదార్థాలు కిడ్నీలకు అడ్డం పడతాయన్నది నిజమే. అయితే కడుపు చెడి, నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చినవాళ్ళ సంగతి దానితో తేలదు. కాబట్టి ఆ కల్లులో అల్ప్రజోలాం కాకుండా మరేదో కూడా ఉండివుండాలి. అది వేరే రసాయనం కావచ్చు, మురికి నీళ్ళతో వచ్చిన క్రిములు కావచ్చు. అదేమిటో పేరుపేరునా చెప్పే నివేదిక జనం చేతికి, ముఖ్యంగా అలాంటి రోగినే రేపు చూడబోయే బస్తీ డాక్టరు చేతికి అందాలి. అందే ఏర్పాటు మన దగ్గర లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. కొత్త మత్తుమందుల ప్రమాదం వాటి పేరులో లేదు. ఏ పదార్థం ఎంత మోతాదులో ఒంట్లోకి పోతోందో తాగేవాడికి తెలియకపోవడంలోనూ, వాడికి వైద్యం చేసేవాడికి కూడా తెలియకపోవడంలోనూ ఉంది. మన చట్టం, పోలీసు దాడులు, కాలేజీల్లో పెట్టే అవగాహన సదస్సులు మాత్రం పేర్ల చుట్టూనే తిరుగుతున్నాయి. ఒక పేరుని జాబితాలోకి ఎక్కిస్తే ఇంకో పేరు పుడుతుంది.

'కొత్త మత్తు' అనగానే పబ్బులు, రేవ్ పార్టీలు, సినిమావాళ్ళు గుర్తొచ్చేవాళ్ళకి కల్లు ప్రస్తావన వింతగా ఉండొచ్చు. నా లెక్కలో తెలంగాణలో ఈ సమస్యకు అసలైన చిరునామా కల్లు కాంపౌండే. తాగేది కల్లు అనుకుని, ఒంట్లోకి పోతున్నది ప్రయోగశాల సరుకు కావడం, దాని మోతాదు ఎవరి చేతిలోనూ లేకపోవడం, కొన్నాళ్ళకోసారి ఆ సరుకు మారిపోవడం: కొత్త మత్తు అంటే ప్రపంచమంతా చెప్పుకునే లక్షణాలు ఇవే.

బరువు తగ్గుతూ, బలం పెరుగుతూ

హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను 2004లో మూయించి, రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో మళ్ళీ తెరిచారు. ఈ నగరం చుట్టూ ఉన్న తాటిచెట్లు, ఈతచెట్లు ఎన్ని, రోజూ అమ్ముడయ్యే సీసాలు ఎన్ని అని ఒకసారి ఆలోచిస్తే చాలు, తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థమవుతుంది. నీళ్ళు, తీపికి సాక్రిన్, మత్తుకి మందు. ఎక్సైజ్ కేసుల్లో ఆ మందు పేరు ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్. తర్వాత డైజిపాం. ఇప్పుడు అల్ప్రజోలాం.

ఈ మార్పు కాకతాళీయం కాదు. క్లోరల్ హైడ్రేట్ నిద్రమందుగా వాడిన రోజుల్లో పెద్దవాళ్ళ మోతాదు అర గ్రాము నుంచి ఒక గ్రాము. అంటే కిలో సరుకులో వెయ్యి నుంచి రెండు వేల మోతాదులు. డైజిపాం 10 మిల్లీగ్రాముల చొప్పున చూస్తే కిలోకి లక్ష. అల్ప్రజోలాం అర మిల్లీగ్రాము దాదాపు 10 మిల్లీగ్రాముల డైజిపాంతో సమానం, కాబట్టి కిలోకి 20 లక్షలు. మూటలకొద్దీ తేవాల్సింది ఇప్పుడు టిఫిన్ డబ్బాలో పడుతుంది. నిఘా పెరిగేకొద్దీ దాచడానికి తేలికైనదీ తక్కువ బరువులో ఎక్కువ బలం ఉన్నదీ ముందుకొస్తుంది. అమెరికాలో హెరాయిన్ స్థానంలోకి ఫెంటనిల్ వచ్చినా, ఐరోపాలో నిటజీన్లు తలెత్తినా (రెండూ మార్ఫిన్‌లా పనిచేసే, దానికంటే చాలా బలమైన మందులు) వెనకున్న లెక్క ఇదే.

దాచేవాడికి లాభమైనది తాగేవాడికి ప్రాణాంతకం. ఒక గ్రాము అల్ప్రజోలాంలో అర మిల్లీగ్రాము మాత్రలు 2,000 చేయగల సరుకు ఉంటుంది. ట్యాంకు దగ్గర కలిపేవాడి చేతిలో మిల్లీగ్రాముల త్రాసు ఉండదు, చెంచా ఉంటుంది. చెంచాలో 100 మిల్లీగ్రాములు అటూ ఇటూ అయితే కంటికి తెలియదు, అది మాత్రం 200 మాత్రల తేడా. పైగా ఆ పొడి నీళ్ళలో సులువుగా కరిగేది కాదు. ఒకే ట్యాంకులో పొద్దున పట్టిన సీసాకీ, అడుగున మిగిలిన సీసాకీ పొంతన ఉండదు. రోజూ రెండు సీసాలు తాగి ఇంటికి నడిచిపోయే మనిషి ఒక సాయంత్రం అవే రెండు సీసాలకి పడిపోతాడు. 'ఇవాళ ఎక్కువ తాగాడు' అని ఇంట్లోవాళ్ళు వాణ్ణే తిడతారు. పాపం, వాడు తాగింది రోజూ తాగేదే.

కృత్రిమ గంజాయి చరిత్రలో ఇదే తప్పు ఇంకో రూపంలో కనిపిస్తుంది. అమెరికాలో క్లెమ్సన్ యూనివర్సిటీలో జాన్ హఫ్‌మన్ మెదడులోని గంజాయి గ్రాహకాల మీద పరిశోధన కోసం జేడబ్ల్యూహెచ్-018 లాంటి అణువులు తయారుచేశాడు. 2008 చివర్లో 'స్పైస్' పేరుతో ఐరోపాలో అమ్ముతున్న ఎండుటాకుల పొట్లాల్లో అది బయటపడింది. ఆకుల మీద రసాయనాన్ని చల్లి ఆరబెడతారు, చల్లింది అన్నిచోట్లా సమానంగా పడదు. ఒకే పొట్లంలో ఒక చిటికెలో ఏమీ ఉండదు, ఇంకో చిటికెలో నాలుగింతలు ఉంటుంది. 2016 జూలై 12న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒకే వీధి ప్రాంతంలో 33 మంది శూన్యంలోకి చూస్తూ కొయ్యబారిపోయారు. పత్రికలు 'జాంబీ' అని రాశాయి. కారణం ఆంబ్-ఫ్యూబినాకా అనే రసాయనం అనీ, అది గంజాయికి మత్తునిచ్చే టీహెచ్‌సీ కంటే సుమారు 85 రెట్లు బలమైనదనీ పరీక్షల్లో తేలింది. 2018లో ఇల్లినాయి రాష్ట్రంలో ఇంకా దారుణం. కృత్రిమ గంజాయి పీల్చినవాళ్ళు ముక్కులోంచి, చిగుళ్ళలోంచి, మూత్రంలో రక్తంతో ఆసుపత్రులకు వచ్చారు. అందులో బ్రోడిఫకూం కలిసింది. అది ఎలుకల మందు. నెలల తరబడి విటమిన్ కె మాత్రలు మింగితే తప్ప రక్తం గడ్డకట్టే గుణం తిరిగి రాదు. గంజాయి గురించి ఎంత తెలిసిన డాక్టరైనా, ఎలుకల మందు సంగతి ఎవరో పరీక్షించి చెబితేనే ఊహించగలడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అల్ప్రజోలాం తరగతి మందులు ఒంటరిగా మనుషుల్ని చంపడం అరుదు. మాత్రలు గుప్పెడు మింగినవాళ్ళు కూడా చాలాసార్లు రెండు రోజులు నిద్రపోయి లేస్తారు. కల్లులో సారా శాతం కూడా పెద్దగా ఉండదు. అందుకే 'ఏదో మత్తు, పడుకుంటే పోతుంది' అన్న ధీమా. ఆ ధీమా ఎక్కడ విరుగుతుందంటే, కల్లు తర్వాత క్వార్టర్ మందు వేసినప్పుడు, లివర్ పాడైన మనిషిలో మందు బయటికి పోకుండా నిలిచిపోయినప్పుడు, వయసు మళ్ళినవాళ్ళు వెల్లకిలా పడి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయినప్పుడు. అన్నిటికంటే పెద్దది, కలిపే సరుకు మళ్ళీ మారినప్పుడు. బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ నకిలీ నిద్రమాత్రల్లో నిటజీన్లు దొరికాయి. అవి మార్ఫిన్ లాగే పనిచేసే, దానికంటే ఎన్నో రెట్లు బలమైన మందులు. 1950ల్లో సీబా కంపెనీ నొప్పిమందుగా తయారుచేసి, ప్రమాదకరమని పక్కన పెట్టేసిన సరుకు. నిద్రమాత్ర అనుకుని వేసుకున్నవాడికి ఊపిరి ఆగిపోతుంది. మన కల్లులో అలాంటిది దొరికిందని నేను అనడంలేదు. దొరికితే మొదట తెలిసేది ఎవరికి అని అడుగుతున్నాను. ఇప్పుడున్న పద్ధతిలో అయితే మార్చురీకి.

ఒక్కసారిగా ఆపితే

కల్తీ కల్లు అంటే దాడులు చేయాలి, దుకాణాలు మూయాలి. ఇందులో ఎవరికీ రెండో మాట లేదు. మూసిన మర్నాడు ఏమవుతుందన్నదే ఎవరూ మాట్లాడని విషయం.

2015లో మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ వైపు కల్లులో మందు కలపడాన్ని గట్టిగా కట్టడి చేసినప్పుడు వందల మంది వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు మళ్ళీ అదే వరస. మద్యం దొరకనివాళ్ళు, కల్లు దొరకనివాళ్ళు కలిసే వచ్చారు. విషం తాగినందుకు కాదు, విషం తాగడం ఆగినందుకు జబ్బుపడ్డారు.

ఇందులో వింతేమీ లేదు. మెదడుకి సొంతంగా ఒక బ్రేకు ఉంది, గాబా అనే రసాయనంతో పనిచేస్తుంది. అల్ప్రజోలాం ఆ బ్రేకుని ఇంకా గట్టిగా తొక్కుతుంది. నెలల తరబడి బయటి కాలు తొక్కుతూనే ఉంటే మెదడు తన కాలు తీసేస్తుంది. ఒక్కసారిగా బయటి కాలూ తీస్తే బండి ఆగదు. అల్ప్రజోలాం సగం బయటికి పోవడానికి సుమారు 11 గంటలు పడుతుంది, కాబట్టి చివరి సీసా తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది: నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు, చెమటలు, గుండె దడ, ఒంటిమీద ఏవో పాకుతున్నట్టు, లేనివి కనిపించడం, ఫిట్స్. డైజిపాం కలిపిన రోజుల్లో ఇదే ఆలస్యంగా, కాస్త మెల్లగా వచ్చేది. డైజిపాం, దాని నుంచి పుట్టే పదార్థాలు ఒంట్లో రోజుల తరబడి ఉండిపోతాయి కనుక తగ్గుదల దానంతట అదే మెల్లగా జరుగుతుంది. అంటే కలిపేవాడు సరుకు మార్చినప్పుడు మత్తు ఒక్కటే మారలేదు, మానేటప్పుడు వచ్చే ప్రమాదం కూడా మారింది. తాగేవాడికి ఈ మార్పు సంగతి తెలియదు.

అలవాటుపడ్డవాళ్ళు చెట్టు కల్లు తాగితే 'ఎక్కడంలేదు' అంటారు. నిజాయితీగా చెట్టెక్కి కల్లు తీసి అమ్మే గౌడ్ దగ్గర గిరాకీ పడిపోవడానికి ఇదే కారణం. ఆ గిరాకీని నిలబెట్టుకోవడానికి మందు కలిపేవాళ్ళతో పోటీ పడలేక మానేసేవాళ్ళు ఉంటారు, పోటీకి దిగేవాళ్ళూ ఉంటారు. కల్తీ అరికట్టడమంటే గీత కార్మికుల పొట్ట కొట్టడమే అని వాదించేవాళ్ళకు నేను చెప్పేది ఇది: వాళ్ళ పొట్ట కొట్టింది అల్ప్రజోలామే.

పబ్బుకి కిట్టు, కాంపౌండ్‌కి దండం

పబ్బు మీద దాడి జరిగితే అక్కడికక్కడే మూత్రపరీక్ష కిట్లు తెస్తారు. పాజిటివ్ వచ్చిన పిల్లల పేర్లు గంటలో వాట్సాప్‌లో తిరుగుతాయి. ఉద్యోగం, పెళ్ళి సంబంధం, పాస్‌పోర్టు అన్నిటి మీదా మచ్చ పడుతుంది. కల్లు కాంపౌండ్‌లో తాగి పడిపోయినవాడికి ఆ కిట్టు కూడా ఉండదు. కల్లు తాగినవాడు బాధితుడు, పబ్బు కుర్రాడు నిందితుడు. ఇద్దరి ఒంట్లోనూ ఉన్నది మత్తుమందుల్ని నియంత్రించే ఎన్డీపీఎస్ చట్టం జాబితాలోని మందే. ఈ తేడాలో వర్గం ఉందంటే కొందరికి కోపం వస్తుంది, కానీ ఉంది. ఇద్దరికీ వైద్యం అందకపోవడం ఒక్కటే సమానం.

కిట్టు గురించి కూడా అతిగా నమ్మకం పెట్టుకున్నాం. స్ట్రిప్‌లో గంజాయి గడి సహజ గంజాయి కోసం చేసింది, కృత్రిమ గంజాయి దానికి అందదు. ఆంఫెటమిన్ (హుషారు రేపే మందు) గడి అదే రకం పనిచేసే మెఫెడ్రోన్‌ని చాలాసార్లు వదిలేస్తుంది. ఓపియేట్ గడి మార్ఫిన్ కుటుంబాన్ని పట్టుకుంటుంది కానీ ట్రమడాల్ అనే నొప్పిమందుని, ఫెంటనిల్‌ని, నిటజీన్లని పట్టుకోదు. నిద్రమందుల గడి అల్ప్రజోలాంని సాధారణంగా చూపిస్తుంది, లోరజిపాంని తరచుగా జారవిడుస్తుంది. నెగెటివ్ వచ్చిందంటే ఏమీ తీసుకోలేదని కాదు, ఆ గడుల్లో ఉన్నవి తీసుకోలేదని మాత్రమే. ఖాయంగా తేలాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువుని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే యంత్రం) ఉన్న ల్యాబు కావాలి. దానికి కూడా పోల్చిచూసుకునే అసలు నమూనా దగ్గర ఉండాలి. ఫోరెన్సిక్ ల్యాబులకు ఆ శక్తి ఉంది, అయితే అవి పనిచేసేది కోర్టు కోసం. కోర్టుకి మూడు నెలల తర్వాత నివేదిక వచ్చినా పనికొస్తుంది. ఐసీయూలో ఉన్నవాడికి మూడు గంటల్లో కావాలి.

చట్టం జాబితాతో నడుస్తుంది. మెఫెడ్రోన్ సంగతే చూడండి, ముంబయిలో మ్యావ్ మ్యావ్ అంటారు. బ్రిటన్ 2010 ఏప్రిల్‌లో నిషేధించింది. మన ఎన్డీపీఎస్ జాబితాలోకి 2015 ఫిబ్రవరిలో ఎక్కింది. మధ్యలో దాదాపు అయిదేళ్ళు అది ఇక్కడ నేరం కాని సరుకు. ట్రమడాల్ 2018లో ఎక్కింది. ఎక్కించాక ఉపయోగం లేదని కాదు, వాణిజ్య పరిమాణం దాటితే పది నుంచి ఇరవై ఏళ్ళ శిక్ష ఉంది, అల్ప్రజోలాంకి ఆ గీత 100 గ్రాములే. అయినా 2025 సెప్టెంబరులో బోయినపల్లిలో ఒక ప్రైవేటు బడి భవనంలోనే అల్ప్రజోలాం తయారీ బయటపడింది. పిల్లలు పాఠాలు చదువుకునే భవనంలోనే రసాయనాలు వండే రియాక్టర్లు. సరుకు పోయేది మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకి. మందుల పరిశ్రమకి పేరుమోసిన నగరంలో రసాయనశాస్త్రం తెలిసిన చేతులకి, పాత యంత్రాలకి కరువు ఉండదు. ఒకచోట మూస్తే ఇంకోచోట మొదలుపెట్టడానికి పెద్దగా సమయం పట్టదు.

2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వచ్చిన జాతీయ సర్వే, వైద్య అవసరం లేకుండా మత్తు కోసం నిద్రమందులు వాడేవాళ్ళు దేశంలో సుమారు 1.18 కోట్ల మంది అని లెక్కకట్టింది. కల్లులో అల్ప్రజోలాం తాగేవాడు అలాంటి సర్వేలో అడిగితే 'లేదు' అనే చెబుతాడు. తాను నిద్రమందు తీసుకుంటున్నానని వాడికే తెలియదు కదా.

సాంఘిక నష్టం కూడా ఇక్కడే మొదలవుతుంది. సారా తాగేవాడికి తాను తాగుబోతునన్న సంగతైనా తెలుసు. కల్లు మన ఊళ్ళలో పెళ్ళికీ చావుకీ పండగకీ ఉండేది, ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ తాగేది, 'ఒంటికి చలువ' అని పేరున్నది. దాని చాటున వచ్చిన మత్తుకి సిగ్గూ లేదు, అనుమానమూ లేదు. కూలికి పోయిన మనిషి మధ్యాహ్నానికి చేతులు వణుకుతున్నాయని పని ఆపి కాంపౌండ్‌కి పోతాడు. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు. సెంట్రింగ్ మీద నుంచి జారిపడతాడు. కూలిలో సగం సీసాలకి పోతుంది. ఇంట్లో దాన్ని బద్ధకం అంటారు, బుద్ధిలేనితనం అంటారు. జబ్బు అని ఎవరూ అనరు. మెఫెడ్రోన్ వాడే కుర్రాడి కథ వేరు: రెండు గంటల్లో దిగిపోతుంది, దిగగానే మళ్ళీ కావాలనిపిస్తుంది, రాత్రంతా వేసుకుంటూ పోతే పొద్దుటికి గుండెదడ, పళ్ళు నూరడం, అనుమానాలు. వాడికి ఇంట్లో గది ఉంది, జీతం ఉంది, కాబట్టి కొన్నాళ్ళు దాచుకోగలడు. కూలివాడు ఒక్కరోజు కూడా దాచుకోలేడు.

బ్రిటన్ మొత్తాన్నీ నిషేధించి చూసింది

పేర్లతో పరుగు పెట్టలేక బ్రిటన్ 2016 మే 26 నుంచి ఒక కొత్త చట్టం తెచ్చింది. పేరు ఏదైనా సరే, మెదడు మీద పనిచేసే పదార్థాన్ని మత్తు కోసం తయారుచేయడం, అమ్మడం నేరం. మద్యం, పొగాకు, కాఫీ లాంటివాటికి మినహాయింపు. రెండేళ్ళ తర్వాత వాళ్ళ హోంశాఖే సమీక్షించుకుంది. వీధిలో బోర్డు పెట్టి అమ్మే దుకాణాలు పోయాయి, సామాన్య జనంలో వాడకం తగ్గింది. అది చిన్న విజయం కాదు. అయితే అమ్మకం వీధి వ్యాపారుల చేతిలోకి పోయింది, జైళ్ళలోనూ ఇల్లులేనివాళ్ళలోనూ కృత్రిమ గంజాయి అలాగే నిలబడింది. చట్టం తేలికగా మానగలిగినవాళ్ళని మాన్పించింది, మానలేనివాళ్ళని ఇంకా చీకట్లోకి తోసింది.

నెదర్లాండ్స్ 1992 నుంచి ఇంకో పని కూడా చేస్తోంది. వాడేవాళ్ళు తెచ్చిచ్చిన సరుకుని పరీక్షించి ఫలితం చెబుతుంది, ప్రమాదకరమైనది దొరికితే దేశమంతా హెచ్చరిక పోతుంది. న్యూజీలాండ్ ఇలాంటి పరీక్షకి 2021లో చట్టబద్ధత ఇచ్చింది. ఐరోపా సమాఖ్యకి 1997 నుంచి ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఉంది.

మన దగ్గర జనం మత్తుమందు తెచ్చి పరీక్ష చేయించుకోవడం జరిగే పని కాదని నాకు తెలుసు. ఎన్డీపీఎస్ ఉండగా ఆ గుమ్మం తొక్కే ధైర్యం ఎవరికీ రాదు. కానీ కల్లుకి ఆ చిక్కు లేదు. కల్లు దొంగసరుకు కాదు, ప్రభుత్వ లైసెన్సుతో అమ్మే సరుకు. గీత కార్మికుల సొసైటీలకీ, గీత కార్మికుడికే చెట్టు అనే పద్ధతిలో విడివిడిగానూ లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వమే. పాలకేంద్రంలో పాలు పోసేముందు వెన్న శాతం చూస్తారు. లైసెన్సు దుకాణంలోని కల్లు వారానికోసారి, చెప్పకుండా వెళ్ళి, ట్యాంకు పైనుంచీ అడుగునుంచీ రెండు నమూనాలు తీసి చూడటానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. మొదటి వడపోత స్ట్రిప్‌తోనే చేయొచ్చు, అనుమానం ఉన్నవి ల్యాబుకి పోతాయి. ఫలితం కేసు ఫైలులోకే కాకుండా ఆ జిల్లా ఆసుపత్రులకీ అదే రోజు వెళ్ళాలి.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది, నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. 'ఫలానా దుకాణం సరుకు గట్టిది' అని ప్రకటిస్తే అలవాటుపడ్డవాళ్ళు అక్కడికే పోతారు. హెరాయిన్ విషయంలో ఇది ఇతర దేశాల్లో జరిగింది కూడా. కాబట్టి హెచ్చరికలో బలం గురించి మాట్లాడకూడదు. సరుకు ముందు తీయించాలి, తర్వాత లక్షణాలు చెప్పాలి: 'ఈ ప్రాంతంలో కల్లు తాగినవాళ్ళకి వాంతులు, విరేచనాలు వస్తే ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకురండి' అని. అలా రాసినా కొందరు పోతారేమో. పోయేవాళ్ళ సంఖ్య, తెలియక చచ్చేవాళ్ళ సంఖ్య కంటే తక్కువే ఉంటుందని నా అంచనా. అది అంచనా మాత్రమే.

దాడికి వెళ్ళే ముందే ఆ మండలంలో పడకలు, డాక్టరు, మందులు సిద్ధం చేయడం రెండో పని. దుకాణం మూసిన నాడే దగ్గర్లోని ఆసుపత్రికి సమాచారం పోవాలి. ఆశా కార్యకర్తలకి ఎవరెవరు రోజూ తాగుతారో పోలీసుల కంటే బాగా తెలుసు, వాళ్ళకి చెబితే రెండో రోజుకి వణుకు మొదలైనవాళ్ళని గుర్తుపడతారు. 2015లో జరిగినది చూశాక కూడా ఇది చేయకపోతే దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

ఇంట్లో ఒకరు పడిపోతే

కల్లు తాగి లేవకపోతే పిలిచి, భుజం గట్టిగా తట్టి చూడాలి. పలకకపోతే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, పైకాలు మోకాలి దగ్గర మడిచి ముందుకి పెట్టాలి, తల కాస్త వెనక్కి. వెల్లకిలా ఉంచొద్దు. నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ లేస్తోందో లెక్కపెట్టాలి. పది కంటే తగ్గినా, గురక మధ్యలో ఆగి ఆగి వస్తున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేసి 'ఊపిరి తగ్గింది' అని ఆ మాటే చెప్పాలి. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు పోయొద్దు. వాంతి చేయించొద్దు. స్పృహ లేనివాడి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

మెడ ఒక పక్కకి మెలితిరిగి, నాలుక బయటికొచ్చి, కనుగుడ్లు పైకి తేలిపోతే భయపడి భూతవైద్యుల దగ్గరికి పరిగెత్తేవాళ్ళున్నారు. కల్తీ కల్లు వార్తల్లో ఈ వర్ణన తరచూ కనిపిస్తుంది. ఇది అల్ప్రజోలాం లక్షణం కాదు. పిచ్చి తగ్గించడానికి వాడే హాలోపెరిడాల్ లాంటి మందులు ఇలా చేస్తాయి. ప్రోమెథజిన్ ఇంజక్షన్ ఇస్తే చాలాసార్లు అరగంటలోపే తగ్గుతుంది. డాక్టరుకి మాత్రం ఇది ఇంకో మందు కూడా కలిసిందన్న గుర్తు, రాసి పైకి పంపాల్సిన సంగతి.

మిగిలిన కల్లుని పారబోయకండి. శుభ్రమైన గాజు సీసాలో పోసి, మూత బిగించి, దుకాణం పేరు, కొన్న తేదీ, టైము చీటీ మీద రాసి అంటించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరు అడిగినప్పుడు రోజుకి ఎన్ని సీసాలు, ఎన్నాళ్ళుగా, ఆ రోజు మద్యం కూడా తాగాడా, ఇంట్లో నిద్రమాత్రలు ఉన్నాయా అన్నది దాచకుండా చెప్పాలి. ఎన్నాళ్ళుగా అన్న ప్రశ్నకి జవాబు చాలా ముఖ్యం. అల్ప్రజోలాంకి విరుగుడుగా ఫ్లూమజెనిల్ అనే ఇంజక్షన్ ఉంది, ఏళ్ళుగా అలవాటుపడ్డవాడికి అది ఇస్తే మెలకువతో పాటు ఫిట్స్ కూడా రావొచ్చు.

మాన్పించాలనుకునేవాళ్ళు ఇంట్లో గదిలో పెట్టి తాళం వేయొద్దు. రోజూ తాగే మనిషిని డాక్టరు ముందు డైజిపాం లాంటి నిదానంగా పనిచేసే మందుకి మారుస్తారు, లివర్ బాగాలేకపోతే లోరజిపాంకి. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తారు. కల్లులో ఎంత మందు పోయిందో ఎవరికీ తెలియదు కాబట్టి మొదటి కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి, వణుకుని, బీపీని, నిద్రని చూసి మోతాదు కట్టాల్సివస్తుంది. మద్యం కూడా ఉన్నవాళ్ళకి ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారు. మొత్తం నెలల పని. మధ్యలో 'బాగున్నాడు కదా' అని మాత్రలు ఆపేసి మళ్ళీ ఫిట్స్‌తో వచ్చేవాళ్ళు ఉంటారు. జిల్లా ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగంలో ఇది జరుగుతుంది. ఎటు వెళ్ళాలో తెలియకపోతే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416.

కేసు భయంతో వైద్యానికి రానివాళ్ళకి ఒక సంగతి. వాడినందుకు గానీ, చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకు గానీ కేసు పడ్డవాడు, మత్తుకి బానిసైనవాడైతే, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకి ఒప్పుకుంటే ఎన్డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద విచారణ నుంచి మినహాయింపు ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే అది పోతుంది. ఈ సెక్షన్ గురించి అవగాహన సదస్సుల్లో చెప్పరు, స్టేషన్లలోనూ తమంతట తాము చెప్పరు. అరెస్టయిన కుర్రాడి తరఫున లాయరు మొదటిరోజే అడగాల్సింది ఇదే.